మెల్‌బోర్న్‌లో ఇల్లు అమ్మకం: సంతకాల దగ్గర ఆగిపోతే

మీ దంపతులిద్దరి పేర్ల మీదున్న ఇంటికి కొనేవాళ్లు దొరికినా, ఏజెంట్ సంతకాలు ఆపి ఒక కన్వేయన్సర్ (ఇంటి అమ్మకం పత్రాల పని చూసే లైసెన్స్ ఉన్న నిపుణులు) పేరు చెప్పారని, ఏం చేయాలని అడిగారు. సంతకాలు ఆపారంటే, సెక్షన్ 32 స్టేట్‌మెంట్ (ఇంటి టైటిల్, దాని మీదున్న తనఖాల లాంటి వివరాలతో అమ్మేవాళ్లు ఇచ్చే పత్రం) తయారు కాకపోవడమే కారణం అయ్యుంటుంది. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో కొనేవాళ్లు సంతకం పెట్టకముందే అది వాళ్ల చేతికి అందాలి. అసలు ప్రకటన ఇవ్వకముందే కన్వేయన్సర్‌ని పెట్టుకోవాల్సింది, ఇప్పుడైనా మించిపోయింది లేదు.

1. ఏజెంట్ చెప్పిన పేరే ఖాయం చేయకండి. లైసెన్స్ ఉందో లేదో కన్స్యూమర్ అఫైర్స్ విక్టోరియా సైట్‌లో చూడండి.

2. ఫీజులో టైటిల్ సెర్చ్ (ఇల్లు ఎవరి పేరున ఉందో రికార్డుల్లో చూడటం), కౌన్సిల్, వాటర్ సర్టిఫికెట్ల ఖర్చు కలిపి చెప్పమనండి.

3. చాలామంది వదిలేసేది ఏటీవో (ఆస్ట్రేలియా పన్నుల శాఖ) క్లియరెన్స్ సర్టిఫికెట్, అంటే పన్నుల లెక్కలో మీరు విదేశీ నివాసులు కాదని చూపే పత్రం. 2025 జనవరి 1 నుంచి చేసుకున్న కాంట్రాక్టులకు ఇల్లు ఎంత ధరదైనా ఇది కావాలి. సెటిల్‌మెంట్ (మిగతా డబ్బు కట్టి ఇల్లు చేతులు మారే రోజు) నాటికి ఇవ్వకపోతే కొనేవాళ్లు ధరలో 15 శాతం పట్టుకుని ఏటీవోకి కట్టాలి. టైటిల్ మీద మీ దంపతులిద్దరి పేర్లూ ఉన్నాయన్నారు కదా, ఎవరిది వాళ్లకే విడిగా తీసుకోవాలి. ఉచితమే, కానీ 28 రోజుల దాకా పట్టొచ్చు. ఈరోజే అప్లై చేయండి. "ఇది మీరు చేస్తారా, మేమే చేసుకోవాలా?" అని కన్వేయన్సర్‌ని మొదటి ఫోన్‌లోనే అడగండి. తడబడితే ఇంకొకరిని చూసుకోండి.

4. లోన్ ఉంటే బ్యాంకుకి డిశ్చార్జ్ ఫారం (ఇంటి మీద తనఖా తీసేయమని కోరేది) కూడా త్వరగా ఇచ్చేయండి.