ముందు పుట్టిన తేదీ చూడు

చి. శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఫీజు లేకుండా ఒక పిల్లాడి ఇమిగ్రేషన్ కేసు తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. గ్వాటెమాలా వాడట, పదిహేడేళ్లట. ఆ వయసు వినగానే నాకు టెన్షన్ పట్టుకుంది.

ఫైల్ తెరవగానే పుట్టిన తేదీ చూడు. తల్లిదండ్రుల్లో ఒక్కరైనా వదిలేసినా, హింసించినా స్పెషల్ ఇమిగ్రెంట్ జువెనైల్ హోదా, అంటే అలాంటి పిల్లలు ఇక్కడే ఉండిపోయేందుకిచ్చే హోదా, అడగొచ్చు కదా. 21 నిండేదాకా టైముందని చట్టం చూసి ధీమాగా ఉండకు. దానికి ముందు రాష్ట్ర కోర్టు ఉత్తర్వు కావాలి, మన టెక్సాస్‌లో కస్టడీ విషయంలో ఆ కోర్టుల అధికారం మామూలుగా 18తో సరి. పుట్టినరోజు దాటిందంటే ఎంత మంచి జడ్జి అయినా చేతులెత్తేస్తాడు. పైగా ఆ రోజుకి వాడింకా పిల్లల్ని ఉంచే ప్రభుత్వ షెల్టర్‌లోనే ఉంటే పెద్దవాళ్ల డిటెన్షన్‌కి మార్చేయొచ్చు. హోదా వచ్చాక కూడా గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి క్యూ. క్యూల సంగతి మనవాళ్లకు వేరే చెప్పాలా!

అసైలం (ఆశ్రయం) దరఖాస్తు కూడా వేయాలి గానీ దానికి ఇంత కంగారు లేదు. దేశంలోకి వచ్చిన ఏడాదిలోపు అడగాలన్న గడువు ఒంటరిగా వచ్చిన పిల్లలకు వర్తించదు. పైగా ముందు వినేది అసైలం ఆఫీసరు, జడ్జి కాదు. ఇది 2008 చట్టం ఇచ్చిన వెసులుబాటు. పట్టుబడ్డ పిల్లల్ని 72 గంటల్లో బోర్డర్ పెట్రోల్ చేతుల్లోంచి ఆరోగ్య శాఖకు అప్పగించాలన్నదీ అదే చట్టం. మెక్సికో పిల్లల్ని మాత్రం నాలుగు ప్రశ్నలడిగి అక్కడికక్కడే వెనక్కి పంపడానికి వీలిచ్చిందీ అదే. పక్కదేశంలో పుట్టడం వాళ్ల తప్పా? నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు.

ప్రభుత్వం తిండి పెడుతుంది, పాఠాలు చెప్పిస్తుంది, లాయర్ని పెట్టే బాధ్యత మాత్రం తనది కాదంటుంది. పంపించేయమని వాదించడానికి దాని లాయరు ఎలాగూ ఉంటాడు. షెల్టర్‌లో కౌన్సెలర్‌తో చెప్పుకున్న మాటలు కోర్టు ఫైల్లో తేలిన కేసులూ ఉన్నాయి. నీ మెడలో విజిటర్ కార్డు చూసి నువ్వూ ప్రభుత్వం మనిషివే అనుకుంటాడు ఆ పిల్లాడు. నువ్వు వాడి లాయరువని, చెప్పింది వాడి అనుమతి లేకుండా బయటికి పోదని మొదటే చెప్పు. ఎందుకొచ్చావని మొదటి రోజే అడగకు. ఫుట్‌బాల్ గురించి అడుగు, అక్కడి తిండి సయిస్తోందా అని అడుగు.

నీకు స్పానిష్ వచ్చు కదా అని ఇంటర్‌ప్రెటర్ వద్దనేవు. గ్వాటెమాలా కొండ ఊళ్ల పిల్లలు చాలామంది ఇంట్లో మామ్, కిచే లాంటి మాయా భాషలే మాట్లాడతారు. స్పానిష్‌లో ఏమడిగినా "సీ, సీ" అని తలూపుతారు. అమ్మమ్మతో ఏ భాషలో మాట్లాడతావని అడుగు, తెలిసిపోతుంది. సంతకం పెట్టించే ముందు ఆ కాగితంలో ఏముందో వాడి నోటితో చెప్పించు.

బర్త్ సర్టిఫికెట్ తెప్పించే పని రేపే మొదలుపెట్టు. రాష్ట్ర కోర్టు పిటిషన్ డ్రాఫ్ట్ కాగానే నాకు పంపు, రాత్రి పదకొండైనా సరే చూసి పంపిస్తాను.

మీ పెద్దమ్మ