తుఫానులో తుపాకీ: పోలీసులు ఎంతవరకు తీసుకోవచ్చు?

ప్రశ్న: హ్యూస్టన్‌లో ఉంటాం. నాకు గ్రీన్‌కార్డు ఉంది, ఇంట్లో ఒక పిస్టల్ ఉంది. హరికేన్ వచ్చి ఊరు ఖాళీ చేయమంటే పోలీసులు దాన్ని తీసేసుకుంటారా? మన దగ్గర ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులు స్టేషన్లో పెట్టించుకుంటారు కదా, అలాగ?

జవాబు: మన దగ్గర తుపాకీ అంటే 1959 ఆయుధాల చట్టం కింద ఇచ్చే లైసెన్సు. అమెరికాలో అది రాజ్యాంగ హక్కు కాబట్టి లెక్క వేరు. తుఫాను వచ్చిందని ఊళ్లోవాళ్ల తుపాకులన్నీ పోగేసే అధికారం అక్కడ పోలీసులకు లేదు.

2005కు ముందైతే ఈ మాట ఇంత గట్టిగా చెప్పలేం. ఆ ఏడాది ఆగస్టు 29న వచ్చిన కత్రినా హరికేన్‌కు న్యూ ఆర్లీన్స్ నగరం మునిగింది. పోలీసుల దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఆయుధం ఉండకూడదని పోలీసు అధిపతి ఎడ్డీ కంపాస్ ప్రకటించారు. సక్రమంగా కొన్న తుపాకులనూ ఇళ్లలోంచి పట్టుకెళ్లారు. సెప్టెంబరు 23న ఫెడరల్ (కేంద్ర) కోర్టు ఆపమంది. నగర యంత్రాంగం మొదట తన దగ్గర ఏమీ లేవంది, 2006లో వెయ్యికి పైగా ఉన్నాయని ఒప్పుకుంది. తీరా తిరిగి ఇవ్వడానికి కొన్న రుజువు అడిగింది. ఇల్లే మునిగినవాళ్లు బిల్లు ఎక్కణ్నుంచి తెస్తారు?

దాని ఫలితమే 2006లో స్టాఫర్డ్ చట్టానికి, అంటే ఫెడరల్ విపత్తు సహాయ చట్టానికి, చేర్చిన సెక్షన్. విపత్తు సహాయ పనుల్లో ఉన్న ఫెడరల్ సిబ్బందిగానీ, ఫెడరల్ నిధులు అందుకునే యంత్రాంగాలుగానీ చట్టబద్ధమైన తుపాకీని స్వాధీనం చేసుకోకూడదు, రిజిస్టర్ చేయించమనకూడదు. చేస్తే మీరు దావా వేయొచ్చు, గెలిస్తే లాయరు ఖర్చులూ వస్తాయి. మినహాయింపు ఒకటుంది: సహాయ బస్సో పడవో ఎక్కాలంటే ముందు తుపాకీ అప్పగించమనొచ్చు, ప్రయాణం ముగిశాక తిరిగి ఇచ్చేయాలి. టెక్సాస్ చట్టం ప్రకారం, తక్షణ ప్రమాదం ఉందని సహేతుకంగా అనిపిస్తే అధికారి మీ తుపాకీని కాసేపు తన దగ్గర పెట్టుకోవచ్చు. మిమ్మల్ని అరెస్టు చేస్తేనో, నేర దర్యాప్తులో సాక్ష్యంగా తీసుకుంటేనో తప్ప, మిమ్మల్ని వదిలేసే ముందు ఇచ్చేయాలి.

ఎక్కువగా గొడవయ్యేది కాగితాల దగ్గరే. తుపాకీ మోడల్, సీరియల్ నంబరు కనిపించేలా ఫొటో, కొన్న రసీదు ఈ రోజే మీ ఈమెయిల్‌కు పంపుకోండి. కొన్నప్పుడు మీ వివరాలతో నింపిన 4473 అనే ఫెడరల్ ఫారం దుకాణంలో ఉంటుంది, ఆ దుకాణమూ మునగొచ్చు. రాష్ట్రం దాటేటట్టయితే గుళ్లు తీసేసి డిక్కీలో పెట్టండి. ఎస్‌యూవీకి విడి డిక్కీ ఉండదు కాబట్టి తాళం వేసిన పెట్టె కావాలి. గ్లవ్ బాక్సుకు తాళం ఉన్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. అప్పగించాల్సి వస్తే మీ చేత్తో తీసి ఇవ్వకండి. ఎక్కడుందో నోటితో చెప్పండి, వాళ్లే తీసుకుంటారు. సీరియల్ నంబరు, అధికారి బ్యాడ్జి నంబరు రాసిన చీటీ అడగండి. రెడ్‌క్రాస్ శిబిరాల్లోకి మాత్రం ఆయుధాలు రానివ్వరు. అది వాళ్ల నియమం, అక్కడ వాదించి లాభం లేదు.

ప్రశ్న: మా ఆయనకు గ్రీన్‌కార్డు, నాది ఇంకా హెచ్‌1బీ. అత్తయ్య, మామయ్య విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు. ఆయన ఊళ్లో లేనప్పుడు తుఫాను వస్తే తుపాకీ నేను తీసుకెళ్లొచ్చా?

జవాబు: వద్దమ్మా. హెచ్‌1బీ, విజిటర్ లాంటి నాన్-ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద వచ్చినవారు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు, పైగా దేశం నుంచి పంపించేయడానికి అదే కారణమవుతుంది. తుఫాను అని ఇందులో సడలింపు ఏమీ లేదు. తుపాకీ ఉందని తెలిసి ఆ కారు నడిపినా, సేఫ్ తాళంచెవి మీ దగ్గర ఉన్నా అది మీ అధీనంలో ఉన్నట్టే అని వాదించే వీలుంది. సేఫ్ కోడ్ మీ ఆయనకు ఒక్కరికే తెలిసేలా మార్చండి. తుపాకీని ఇంట్లోనే వదిలేసి వెళ్లండి. అత్తయ్య, మామయ్యలకూ ఇదే వర్తిస్తుంది, సరదాకి షూటింగ్ రేంజికి తీసుకెళ్లడమూ కుదరదు.

చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉంటే ఈ నిషేధం నుంచి మినహాయింపు ఉంది, నిజమే. కానీ టెక్సాస్ హంటింగ్ లైసెన్సు ఏటా ఆగస్టు 31తో అయిపోతుంది. సరిగ్గా హరికేన్లు ముమ్మరంగా వచ్చే రోజులవి. సెప్టెంబరు 1న కొత్తది లేకపోతే ఆ రోజు నుంచే మీరు నేరం చేస్తున్నట్టు.

ప్రశ్న: గవర్నర్ ఎమర్జెన్సీ ప్రకటించి తుపాకులు బయటకు తేవద్దంటే?

జవాబు: న్యూ మెక్సికోలో ఇదే జరిగింది. 2023 సెప్టెంబరు 8న గవర్నర్ మిషెల్ లుజాన్ గ్రిషమ్ ప్రజారోగ్య ఎమర్జెన్సీ పేరిట ఆల్బుకర్కీ ప్రాంతంలో 30 రోజులపాటు బహిరంగంగా తుపాకీ వెంట పెట్టుకు తిరగడాన్ని ఆపేశారు. రాష్ట్ర అటార్నీ జనరలే దాన్ని సమర్థించనన్నారు. 13న ఫెడరల్ జడ్జి తాత్కాలికంగా నిలిపేశారు, 15న ఆమె దాన్ని పార్కులు, పిల్లల ఆటస్థలాలకు కుదించారు. ఇలాంటిది మీ ఊళ్లో వస్తే కోర్టు తేల్చేదాకా తుపాకీ ఇంట్లోనే ఉంచండి. ముఖ్యంగా పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు అరెస్టు రికార్డు కొని తెచ్చుకోకూడదు.