ఆ కలను కొట్టెయ్

అమ్మాయీ,

రష్యన్ రసాయన శాస్త్రవేత్త మెండలీఫ్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష బాగుంది, ఎక్కడా నత్తి లేదు. కానీ మొదటి పేరా తీసెయ్. మెండలీఫ్ కునుకు తీశాడు, కలలో ఆవర్తన పట్టిక (మూలకాలను వరసగా అమర్చిన పట్టిక) కనబడింది, లేచి రాసుకున్నాడు అన్నావు. ఆ కథకు గట్టి ఆధారం లేదు. ఉన్నా తీసెయ్యమనే అంటాను. కలొచ్చిందంటే ఇక పాఠకుడు ఆలోచించడానికి ఏముంటుంది?

నీకూ నాకూ బాగా తెలిసిన తిప్పలు ఒకటి ఆయన పడ్డాడు, దాన్ని వదిలేశావు. సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా ఉంటూ రసాయనశాస్త్ర పాఠ్యపుస్తకం రాస్తున్నాడు. అప్పటికి తెలిసిన మూలకాలు 63. మొదటి సంపుటం ముగిసేసరికి వివరంగా చెప్పగలిగింది ఎనిమిదింటి గురించే! మిగతా 55 రెండో సంపుటంలో ఇరికించాలి. ఫ్లోరిన్, క్లోరిన్ లాంటి హాలోజన్లు అయ్యాయి, సోడియం, పొటాషియం లాంటి క్షార లోహాలు మొదలుపెట్టాడు. ఆ తర్వాతి అధ్యాయం దేని మీద? అదీ ఆయన టెన్షన్.

1869లో, పాత రష్యన్ క్యాలెండర్ ప్రకారం ఫిబ్రవరి 17న, చీజ్ తయారీ కేంద్రాల సందర్శన గురించి వచ్చిన ఉత్తరం వెనక్కి తిప్పి, దాని మీదే పరమాణు భారాలు పోల్చి చూసుకున్నాడు. ఫ్లోరిన్ 19, సోడియం 23. క్లోరిన్ 35.5, పొటాషియం 39. బ్రోమిన్ 80, రుబీడియం 85. అయోడిన్ 127, సీజియం 133. ఈ నాలుగు జతలూ రాసి, అక్కడ కాస్త ఆగు. గుణాల్లో ఎక్కడా కలవని రెండు కుటుంబాలు భారాల్లో మాత్రం ఇరుగుపొరుగు. ఆ సంగతి పాఠకుడు తనంతట తాను పట్టుకోవాలి. "అద్భుతం" అని నువ్వు మూడుసార్లు అరిచావు, మూడూ తీసెయ్.

ఆ దారిలో నడిచింది ఆయనొక్కడే కాదు. ఇంగ్లండులో న్యూలాండ్స్, జర్మనీలో లోథార్ మేయర్‌ల పేర్లు చెప్పకపోతే అన్యాయం. చెరో వాక్యం చాలు.

గాలియం ఘట్టాన్ని మాత్రం రెండు లైన్లలో తేల్చేశావు, అది పెంచు. 1871లో మెండలీఫ్ పట్టికలో అల్యూమినియం తర్వాత అదే కుటుంబంలో ఖాళీగా ఉన్న గడిలో, ఇంకా ఎవరూ కనుక్కోని మూలకానికి ఏక-అల్యూమినియం అని పేరు రాసి, దాని భారం 68 దాకా, సాంద్రత 5.9 దాకా ఉంటుందన్నాడు. 1875లో ఫ్రాన్స్‌లో లెకాక్ ద బ్వాబోద్రాన్ గాలియాన్ని కనుక్కున్నాడు. సాంద్రత కొలిస్తే 4.7 వచ్చింది. ఆ లోహాన్ని కంటితో చూడని మనిషి రష్యా నుంచి, "అంత తక్కువ ఉండదు, 5.9 ఉండాలి" అనే అర్థం వచ్చేలా రాశాడు. ఎంత పొగరు! ఫ్రెంచాయన లోహాన్ని మళ్లీ శుద్ధి చేసి కొలిచాడు. 5.9 వచ్చింది. ఇంత నాటకం చేతిలో పెట్టుకుని కలెందుకమ్మా నీకు?

చివరి పేరాలో ఆయన్ను దేవుణ్ణి చేశావు. టెల్లూరియం 128, అయోడిన్ 127. భారం చూస్తే అయోడిన్ ముందు రావాలి, గుణాలు చూస్తే తర్వాత రావాలి. గుణాలనే నమ్మి తర్వాతే పెట్టాడు, అది సరైనదే. కానీ టెల్లూరియం భారం తప్పుగా కొలిచారని పట్టుబట్టాడు. కొలత తప్పు కాదు. వరసను నిర్ణయించేది భారం కాదు, పరమాణు సంఖ్య (పరమాణు కేంద్రకంలోని ప్రోటాన్ల లెక్క) అని 1913లో ఇంగ్లిష్ భౌతిక శాస్త్రవేత్త మోస్లీ ప్రయోగాలు తేల్చాయి, అప్పటికి మెండలీఫ్ పోయి ఆరేళ్లు. 1894లో ఆర్గాన్ అనే కొత్త మూలకం బయటపడితే, అది మూలకం కాదు, మూడు నైట్రోజన్ పరమాణువుల కూటమి కావచ్చని చాన్నాళ్లు వాదించాడు కూడా. ఇవి రాస్తే ఆయన స్థాయి తగ్గుతుందని భయపడకు.

మార్చి పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా పెట్టి పంపు తల్లీ, కళ్లు లాగుతున్నాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు