సెన్సార్ ఉత్తర్వుల్లోని ఆ ‘అమాయక పాఠకుడు’

ఏ కాలంలో అధికారులు ఏ మాటలతో సెన్సార్‌షిప్‌ని సమర్థించుకున్నారని అడిగారు. పత్రికలో డెస్క్ మీద పనిచేసిన రోజుల్లో అలాంటి నోటీసులు కొన్ని చదివాను. ఆ కుతూహలంతోనే తర్వాత పాత చట్టాల పీఠికలూ తిరగేశాను.

కాపాడతామన్నది మాత్రం మారుతూ వచ్చింది. 1559లో పోప్ నాలుగో పాల్ నిషిద్ధ గ్రంథాల జాబితా వేయిస్తే అది విశ్వాసం కోసం. 1643లో ఇంగ్లండ్ పార్లమెంటు అచ్చుకు లైసెన్సు పెడితే మతం, ప్రభుత్వం పరువు కోసం. 1933 ఫిబ్రవరిలో హిట్లర్ ప్రభుత్వం పత్రికల నోరు నొక్కిన ఉత్తర్వు పేరే ‘జర్మన్ ప్రజల రక్షణ’. మారనివాడు ఒక్కడే: ఏది చదివినా చెడిపోయే పాఠకుడు.

వాడు నాకు బాగా దొరికింది బ్రిటిష్ వైస్రాయి లిట్టన్ తెచ్చిన 1878 నాటి దేశభాషా పత్రికల చట్టంలో. ఈ పత్రికలు చదివేది అజ్ఞానులు, తెలివితక్కువవాళ్లు, కాబట్టే వాటి ప్రభావం ఎక్కువని పీఠికలోనే రాసుకున్నారు! అవే మాటలు ఇంగ్లీషు పత్రికలో వస్తే చట్టం వర్తించదు. అమృత బజార్ పత్రిక రాత్రికి రాత్రే ఇంగ్లీషులోకి మారింది అందుకే. ఇక లోపలి క్లాజులు చూడండి. మేజిస్ట్రేటు ముద్రాపకుడి దగ్గర పూచీకత్తు రాయించుకోవచ్చు, ప్రెస్సు జప్తు చేయవచ్చు, కోర్టులో అప్పీలు లేదు. ప్రూఫులు ముందే అధికారికి చూపించేవాళ్లకు మినహాయింపు. అంటే ఆ అధికారి ఎంత చదివినా చెడిపోడన్నమాట.

1960లో లండన్‌లో ఒక నవల మీద అశ్లీలత కేసు నడిచినప్పుడు, దీన్ని మీ భార్యో, పనివాళ్లో చదవాలని మీరు కోరుకుంటారా అని ప్రాసిక్యూటర్ జ్యూరీని అడిగాడు. ఆ జ్యూరీలో ఆడవాళ్లూ ఉన్నారు. ప్రచురణకర్తలే గెలిచారు.

మా డెస్కుకు ఒకసారి ఒక వార్త ఆపమని లేఖ వచ్చింది. అది అబద్ధమని అందులో ఎక్కడా లేదు, ‘పాఠకులు అపార్థం చేసుకునే అవకాశం ఉన్నందున’ అని మాత్రం ఉంది. ఎవరు, ఏమని అపార్థం చేసుకుంటారో చెప్పమని తిరిగి రాశాం. జవాబు రాలేదు. వార్త వేశాం.

ఇప్పుడు ఏ ఉత్తర్వు చూసినా ‘ప్రజాశ్రేయస్సు దృష్ట్యా’లన్నీ దాటేసి, నిర్ణయం ఎవరిది, దాన్ని ఎవరు ప్రశ్నించవచ్చు అన్న క్లాజు దగ్గరికే వెళ్తాను. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరంగా చూసే ఐటీ చట్టం సెక్షన్ 66ఏని, ‘చిరాకు’, ‘అసౌకర్యం’ లాంటి మాటలకు హద్దు లేదంటూ 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది. వెబ్ పేజీలను బ్లాక్ చేసే 69ఏ మాత్రం నిలిచింది. దాని కింద 2009లో వచ్చిన నిబంధనల్లో 16వది, వచ్చిన ఫిర్యాదులనూ తీసుకున్న చర్యలనూ గోప్యంగా ఉంచమంటుంది.