కేటీ కేసీయా, నెల్లీ కెల్లీయా?

'టేక్ మీ అవుట్ టు ద బాల్ గేమ్' అనే అమెరికన్ బేస్‌బాల్ పాటకు కర్తగా ఒకచోట జాక్ నార్వర్త్ పేరు, మరొకచోట ఆల్బర్ట్ వాన్ టిల్జర్ పేరు కనిపిస్తోందనీ, కథానాయిక ఒక ప్రతిలో కేటీ కేసీ, ఇంకొక ప్రతిలో నెల్లీ కెల్లీ అయిందనీ, మీ వ్యాసం కోసం వీటిలో ఏది తప్పో తేల్చమనీ మీరు అడిగారు. నిజానికి ఏదీ తప్పు కాదు.

1908లో వెలువడిన ఈ పాటకు సాహిత్యం నార్వర్త్‌ది, బాణీ వాన్ టిల్జర్‌ది. 1927లో నార్వర్త్ చరణాలను తిరగరాసినప్పుడు కేటీ కేసీ కాస్తా నెల్లీ కెల్లీ అయింది. కనుక కేటీ పేరున్న ప్రతి, తొలి పాఠాన్ని అనుసరించినదని మీరు నిశ్చయించుకోవచ్చు. నాటకానికి తీసుకువెళ్తానన్న ప్రియుడితో, వద్దు, బేస్‌బాల్ ఆటకే తీసుకువెళ్లమని ఆమె చెప్పడమే చరణాల్లోని కథ. మైదానాల్లో ఏడో ఇన్నింగ్స్ విరామంలో ప్రేక్షకులు పల్లవి మాత్రమే పాడతారు కాబట్టి, అసలు ఇందులో ఒక అమ్మాయి ఉన్నదన్న సంగతే చాలామందికి తెలియదు.

ఫిలడెల్ఫియాలో 1879లో పుట్టిన నార్వర్త్ స్వయంగా వాడెవిల్ (పాటలు, హాస్యం వంటివి కలగలిసిన వినోద ప్రదర్శన) రంగస్థల గాయకుడు. న్యూయార్క్ రైలులో వెళ్తూ పోలో గ్రౌండ్స్ అనే బేస్‌బాల్ మైదానంలో జరిగే ఆట ప్రకటన చూసి ఈ పాట రాశాడనీ, 1940 దాకా ఒక్క మేజర్ లీగ్ (అగ్రశ్రేణి బేస్‌బాల్) ఆటనైనా చూడలేదనీ చెబుతారు. (చూడని ఆటకు ఇంత పాట రాయడం నాకు ముచ్చటగా తోస్తుంది.)

అయితే, ఆయన పేరిట, భార్య నోరా బేస్ పేరిట 1908లోనే వచ్చిన 'షైన్ ఆన్, హార్వెస్ట్ మూన్' అనే పాట కర్తృత్వం మాత్రం వివాదాస్పదమే; మీ వ్యాసంలో దానిని ఆయన ఖాతాలో వేసేటప్పుడు ఆ మాట తప్పక చేర్చండి.