బియ్యం డబ్బాలో పదకొండు లక్షలు

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. బెంగళూరు మారతహళ్లిలో ఎనిమిదేళ్లుగా కర్రీ పాయింట్ నడుపుతున్నాం. రోజుకు దాదాపు పది వేల కౌంటర్. 2025 జూలైలో చిన్న అంగళ్లకు జీఎస్టీ నోటీసులని గోల మొదలవగానే మా ఆయన స్కానర్ పీకేశారు. అప్పటి నుంచి అంతా నగదే, బ్యాంకు గడప తొక్కరు. ఇంట్లో బియ్యం డబ్బాలో 11 లక్షలున్నాయి. అందులో 4 లక్షలు మా మామగారివి. టమాటా అమ్మినప్పుడల్లా కొంత కొంత తెచ్చి మా దగ్గర దాచమన్నారు. మిగతా ఏడూ మూడేళ్లుగా మేము కూడబెట్టినవి. రిటర్న్ ఎప్పుడూ వెయ్యలేదు. ఇంట్లో ఇంత డబ్బు పెట్టుకుంటే నేరమా? బ్యాంకులో వేస్తే నోటీసు వస్తుందని ఆయన, ఇంట్లో ఉంటే దొంగలు పడతారని నేను. ఈలోగా ఇంటి ఓనరు, 10 లక్షలు నగదుగా ఇస్తే మూడేళ్లు అద్దె లేకుండా లీజుకిస్తానంటున్నాడు. ఇచ్చేద్దామని ఆయన పట్టు. డబ్బా అడుగున ఆరు 2000 నోట్లు కూడా దొరికాయి. ఏం చెయ్యాలి? - ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం పూర్తిగా చదివాక, ఓనరు చేతిలో డబ్బు ఇంకా పెట్టలేదు కదా అని ఆ రెండు వాక్యాలూ మళ్లీ చదివాను. పెట్టలేదనే అనుకుంటున్నాను. పెట్టకండి. కారణం తర్వాత చెబుతాను. ముందు మీ అసలు ప్రశ్న.

ఇంట్లో నగదు ఉండటం నేరం కాదు. ఇంతకు మించి ఉండకూడదని మన దేశంలో ఏ చట్టమూ లేదు. మీ డబ్బాలో పదకొండు లక్షలున్నా, పక్కింటాయన బీరువాలో కోటి ఉన్నా అదే మాట. చట్టం అడిగేది ఒక్కటే: ఇది ఎక్కడి నుంచి వచ్చింది? దానికి నమ్మదగ్గ జవాబు ఉంటే ఎవరూ ఏమీ అనరు. లేకపోతే అది లెక్క చెప్పని డబ్బు కిందికి పోతుంది. 1961 ఆదాయపు పన్ను చట్టంలో దాన్ని 69ఎ సెక్షన్ అనేవాళ్లం. 2016లో నోట్ల రద్దు తర్వాత అలాంటి డబ్బు మీద పన్నును 60 శాతం చేశారు. దానికి సర్‌చార్జీ, సెస్సు కలిస్తే 78 శాతం అయ్యేది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చింది కాబట్టి సెక్షన్ల నంబర్లు మారాయి. రేట్ల మీద బడ్జెట్లు ఎప్పుడూ చెయ్యి వేస్తూనే ఉంటాయి. కానీ లెక్క చెప్పలేని డబ్బుకు మామూలు శ్లాబులు, రిబేట్లు వర్తించవన్న సూత్రం మాత్రం కదల్లేదు. ఆ 78 శాతం రేటుతో కడితే మీ ఏడు లక్షల్లో 5,46,000 పోతుంది. జరిమానా వేరే.

ఇప్పుడు దీని పక్కనే ఇంకో లెక్క పెట్టి చూడండి. మూడేళ్లలో ఏడు లక్షలు మిగిలాయంటే, అద్దె, పిల్లల ఫీజులు, ఇంటి ఖర్చు కలుపుకుని మీ సంపాదన ఏడాదికి ఐదారు లక్షలుంటుంది. కొత్త పన్ను విధానంలో 2023-24, 2024-25 సంవత్సరాలకు 7 లక్షల దాకా, 2025-26కు 12 లక్షల దాకా ఆదాయం ఉన్నా రిబేటుతో పన్ను సున్నా. అంటే మీ ఆయన మూడేళ్లుగా బియ్యంలో చెయ్యి పెట్టి దాస్తున్నది, చెప్పుకుంటే ఆదాయపు పన్ను పడని డబ్బు. నా దగ్గరికి వచ్చే చిన్న వ్యాపారుల్లో సగం మంది కథ ఇదే. లేని పన్నుకు భయపడి ఉన్న డబ్బును అనుమానం పాలు చేసుకుంటారు.

ఒక మెలిక ఉంది, జాగ్రత్త. చిన్న వ్యాపారులు పద్దు పుస్తకాలు రాయకుండానే, టర్నోవరులో నగదు వసూళ్ల మీద 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన వాటి మీద 6 శాతం లాభంగా చూపించి రిటర్న్ వెయ్యొచ్చు. రోజుకు పది వేల లెక్కన, సెలవులు పోను ఏడాదికి 31 లక్షల అమ్మకం మీద 8 శాతమంటే రెండున్నర లక్షలు కూడా కాదు. ఎవరో ఏజెంటు అంతే వేసి పంపిస్తాడు, మీరు సంతకం పెట్టేస్తారు. రేపు ఎవరైనా “ఏడాదికి రెండున్నర లక్షలతో ముగ్గురు నలుగురు తిని, పైగా రెండు లక్షలకు పైన ఎలా మిగిల్చారు?” అంటే ఏం చెబుతారు? 8 శాతం కనీసం చూపించాల్సింది. నిజంగా ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపించాలి. పన్ను ఎలాగూ పడనప్పుడు తగ్గించి రాయడంలో మీకొచ్చే లాభమేమీ లేదు. పాత ఏళ్లకు అప్‌డేటెడ్ రిటర్న్ అనే దారి ఉంది, నాలుగేళ్ల వెనక్కి వెళ్లొచ్చు. ఆలస్యాన్ని బట్టి కట్టాల్సిన పన్ను మీద 25 నుంచి 70 శాతం దాకా అదనంగా పడుతుంది. మీ విషయంలో ఏ ఏడాదికి అది వెయ్యడం కుదురుతుందో లెక్కలు చూసిన ఆడిటరే చెప్పాలి. వంట సరుకుల చీటీలు, గ్యాస్ బిల్లులు, అంగడి అద్దె రసీదులు ఒక సంచిలో వేసుకుని వెళ్లండి.

ఇక స్కానర్ సంగతి. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ నోటీసులిచ్చిన మాట నిజం. బేకరీలు, కాండిమెంట్స్ అంగళ్లు, టీ కొట్ల దగ్గర ‘నో యూపీఐ, ఓన్లీ క్యాష్’ బోర్డులు నేనూ చూశాను, ఒక వారం పాటు టీకి చిల్లర వెతుక్కున్నాను కూడా. కానీ ఆ నోటీసులకు ఆధారం యూపీఐలో కనబడిన అమ్మకాల మొత్తం. మీ ఖాతాలో నిల్వ ఎంత ఉందన్నది దానికి సంబంధం లేదు. జీఎస్టీ పడేది అమ్మకం మీద. ఆ అమ్మకం డబ్బు స్కానర్లోకి వచ్చినా గల్లా పెట్టెలోకి వచ్చినా లెక్క ఒకటే. వండి అమ్మే తిండి సేవ కిందికి వస్తుంది, సేవలకు పరిమితి ఏడాదికి 20 లక్షలు. మీరు దాన్ని ఎప్పుడో దాటారు. కాబట్టి రిజిస్ట్రేషన్ తప్పదు. కాంపోజిషన్ పథకంలో చేరితే హోటళ్లకు అమ్మకం మీద 5 శాతం, అంటే ఏడాదికి లక్షన్నర పైచిలుకు. చేదుగానే ఉంటుంది, తియ్యగా ఉంటుందని నేను చెప్పను. కస్టమరు దగ్గర విడిగా వసూలు చేసుకునే వీలు కూడా ఉండదు, కూర ధరలోనే సర్దుకోవాలి. మీ ఆయన భయపడాల్సింది ఏదన్నా ఉంటే ఇది. డబ్బు డబ్బాలో ఉంచినంత మాత్రాన ఇది తగ్గదు.

బ్యాంకులో వేస్తే నోటీసు వస్తుందా? రావచ్చు, రాకపోవచ్చు. ఒక ఆర్థిక సంవత్సరంలో సేవింగ్స్ ఖాతాల్లో 10 లక్షలు, ఆపైన నగదు పడితే ఆ బ్యాంకు ఆదాయపు పన్ను శాఖకు తెలియజేస్తుంది. పాత నిబంధనల్లో ఒకే రోజు 50 వేలు దాటితే పాన్ అడిగేది. దీనికి జనం కనిపెట్టిన తెలివి, రోజుకు 49 వేల చొప్పున వెయ్యడం. దయచేసి అది మాత్రం చెయ్యకండి. బ్యాంకు కంప్యూటరుకు ఆ 49 వేల వరసే ముందు కనిపిస్తుంది. అనుమానాస్పదంగా అనిపించిన లావాదేవీలను విడిగా ఢిల్లీకి, ఆర్థిక నిఘా విభాగానికి పంపే బాధ్యత కూడా బ్యాంకుల మీద ఉంది. రిటర్నుల పని ఒక కొలిక్కి వచ్చాక, పాన్ ఇచ్చి, దాచకుండా వెయ్యండి. నోటీసు వస్తే దానికి జవాబిస్తాం. నోటీసు అంటే అరెస్టు వారంటు కాదు.

బ్యాంకంటే పూర్తి భద్రత అని కూడా చెప్పను. బ్యాంకు మునిగితే డిపాజిట్ బీమా కింద ఒక్కొక్కరికి ఒక్కో బ్యాంకులో వచ్చేది 5 లక్షలే, అసలూ వడ్డీ కలిపి. అది కూడా 2020 ఫిబ్రవరి నుంచి. అంతకు ముందు లక్షే. 2020 జనవరిలో బసవనగుడిలోని శ్రీ గురు రాఘవేంద్ర సహకార బ్యాంకు మీద ఆర్‌బీఐ ఆంక్షలు పెట్టి, ఖాతాదారు తీసుకోగలిగేది 35,000 మాత్రమే అన్నప్పుడు, రిటైరైన పెద్దవాళ్లు ఆ గేటు దగ్గర నిలబడ్డ రోజులు ఈ ఊళ్లో చాలామందికి గుర్తే. ఇప్పుడు ఇలా ఆంక్షలు పడితే బీమా సొమ్ము 90 రోజుల్లో ఇవ్వాలని 2021లో చట్టం సవరించారు. అందుకే మీ ఏడు లక్షలు రెండు బ్యాంకుల్లో పెట్టండి, ఒక్కోదాంట్లో వడ్డీతో సహా ఐదు దాటకుండా. ఒకే బ్యాంకు రెండు బ్రాంచీల్లో పెడితే విడివిడిగా లెక్కలోకి రావు, కలిపి ఒకటే. మీ వీధిలో రోజూ సాయంత్రం పిగ్మీ (రోజువారీ చిన్న పొదుపు) కట్టించుకునే అబ్బాయి వస్తుంటాడు కదా, అతను బ్యాంకు మనిషో, సొసైటీ మనిషో అడగండి. క్రెడిట్ సొసైటీల డిపాజిట్లకు ఈ బీమా లేదు. చీటీల గురించి మీరు అడగలేదు, నేనూ మొదలుపెట్టను. మొదలుపెడితే ఈ పేజీ చాలదు.

నామినీ పేరు రాయించండి. అయితే నామినీ అంటే సొంతదారు కాదు, వారసుల తరఫున డబ్బు అందుకునే మనిషి. డబ్బాలోని డబ్బుకు ఆ మాత్రం ఏర్పాటు కూడా లేదు. అది ఉన్నదని మీ ఇద్దరికీ, మామగారికీ తప్ప ఎవరికీ తెలియదు, రేపు తెలిసినా ఎవరిది ఎంతో ఒప్పుకోరు.

ఇంట్లో డబ్బుకు దొంగ ఒక్కడే శత్రువు కాదమ్మా. 2022 సెప్టెంబరు వానలకు మారతహళ్లి, బెళ్లందూరు వైపు నీళ్లు ఇళ్లల్లోకి వచ్చినప్పుడు ఒకాయన నా ఆఫీసుకు ఇడ్లీ పాత్రలో నోట్లు పెట్టుకుని వచ్చారు. మంచం కింద ట్రంకులో దాచినవి. రెండు రోజులు నీళ్లలో నాని, ఐదు వందల కట్టలు ఇటుకల్లా అతుక్కుపోయాయి. వాళ్లావిడ విడదీసి ఇస్త్రీ పెట్టె పెట్టిందట. తడివి కాస్తా అంచులు మాడి, ముట్టుకుంటే అప్పడంలా విరుగుతున్నాయి. చిరిగిన నోట్లు ఏ బ్యాంకయినా తీసుకుంటుంది. యాభై, ఆపైన నోటులో ఒకే ముక్క 80 శాతం కంటే ఎక్కువ మిగిలి ఉంటే పూర్తి విలువ, 40 నుంచి 80 మధ్య ఉంటే సగం. కానీ కాలినవి, పెళుసెక్కినవి, విడదీయరాకుండా అతుక్కున్నవి బ్రాంచీలో తీసుకోరు, ఆర్‌బీఐ ఆఫీసుకే తీసుకెళ్లాలి. ఇస్త్రీ పెట్టకుండా ఉండి ఉంటే ఆయనకు చాలా నోట్లు దగ్గర్లోని బ్యాంకులోనే మారేవి.

నెల సరుకు, అద్దె, ఆసుపత్రి అవసరానికి కలిపి ఓ యాభై, అరవై వేలు ఇంట్లో ఉంచుకోండి. తెల్లారి కూరగాయల మార్కెట్లో నగదు కావాలని నాకూ తెలుసు. లాకరు తీసుకుని నోట్లు అందులో పెడదామనుకుంటారేమో, బ్యాంకుల లాకరు ఒప్పందంలోనే నగదు పెట్టకూడదని ఉంటుంది.

ఇప్పుడు ఓనరు. ఒక వ్యవహారంలో 2 లక్షలు, ఆపైన నగదుగా పుచ్చుకోకూడదు. పుచ్చుకుంటే, పుచ్చుకున్నంతా జరిమానా. పది లక్షలు తీసుకుంటే పది లక్షలు. “అది ఓనరు బాధ కదా, మనకేం?” అని మీ ఆయన అంటారు, నాకు తెలుసు. మూడేళ్ల తర్వాత ఆ పది లక్షలు నగదుగా తిరిగి ఇస్తాడు. ఆ రోజు పుచ్చుకునేది మీరు. అసలు తిరిగిస్తాడా అన్నది ఇంకో ప్రశ్న. ఈ ఊళ్లో లీజు గొడవలతో వచ్చే వాళ్లలో, రసీదులో ‘రెండు లక్షలు’ అని రాయించుకుని పది ఇచ్చినవాళ్లు ఎంతమందో. అలాంటి రసీదుతో కోర్టుకు వెళ్తే మిగతా ఎనిమిదీ ఇచ్చామని రుజువు చేసేందుకు మీ చేతిలో ఏమీ ఉండదు. లీజే కావాలంటే బ్యాంకు ద్వారా ఇవ్వండి. ఏడాది దాటే లీజు కాబట్టి రిజిస్టరు చేయించండి. ఇంటి మీద అప్పుందేమో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి చూడండి. ఇవేవీ కుదరవని అతను అంటే, పాత అద్దెకే ఉండండి.

మీ మామగారి నాలుగు లక్షలు మీ ఖాతాలో వెయ్యకండి. అది ఆయన డబ్బు, ఊళ్లో ఆయన ఖాతాలోనే పడాలి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. 2023 జూలైలో టమాటా కిలో నూరు దాటినప్పుడు మదనపల్లె మండీలో అమ్మినవాళ్లకు ఆ పట్టీలు, అంటే అమ్మకం చీటీలు, ఇప్పుడు బంగారం. ఆయన పట్టీలు ఎక్కడ పెట్టారో ఈ పండక్కి ఊరెళ్లినప్పుడు అడగండి. చాలామంది వాటిని పొయ్యిలో వేసేస్తారు.

ఆ ఆరు 2000 నోట్లు చెల్లవని ఎవరో చెప్పి ఉంటారు. చెల్లుతాయి. 2023 అక్టోబరు 7 తర్వాత మామూలు బ్యాంకులు తీసుకోవడం మానేశాయి, అంతే. నృపతుంగ రోడ్డులో ఆర్‌బీఐ ఆఫీసుంది. ఆధార్, పాస్‌బుక్ పట్టుకెళ్తే మీ ఖాతాలో జమ చేయించుకోవచ్చు. మధ్యాహ్నం కూరలయ్యాక వెళ్దామనుకోకండి, మారతహళ్లి ట్రాఫిక్‌లో చిక్కుకుని చేరేసరికి కౌంటరు మూసేస్తారు. ఒక పూట అంగడి ఆయనకు అప్పగించి పొద్దున్నే వెళ్లండి.