వాగులో చేపల కోసం గ్రాంటు వస్తే స్థలం మీద మన హక్కు పోతుందా?

ప్రశ్న: అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో, తీరప్రాంతపు కొండల్లో మాకు కొంత స్థలం ఉంది. దాని మధ్య నుంచి చిన్న వాగు పారుతుంది. ఇంటికి వెళ్లే దారి కింద పాత కల్వర్టు ఉంది. స్థానిక వాటర్‌షెడ్ కౌన్సిల్ (వాగులను బాగుచేసే సంఘం) వాళ్లు వచ్చి, రాష్ట్ర గ్రాంటుతో ఆ కల్వర్టు తీసేసి చిన్న వంతెన కడతామన్నారు. వాగులో దుంగలు వేసి, గట్ల మీద చెట్లు నాటి, కోహో సాల్మన్ చేపలు పైదాకా వచ్చేలా చేస్తామంటున్నారు. మా నుంచి డబ్బు అడగలేదు గానీ ఒక ఒప్పందం మీద సంతకం పెట్టమన్నారు. స్థలం చేజారుతుందా? చేపలు వచ్చాక ఆంక్షలు మొదలవుతాయా? రేపు అమ్ముకుంటే గ్రాంటు డబ్బు మేం తిరిగి కట్టాలా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: గ్రాంటుతో పని జరిగినంత మాత్రాన స్థలం ఎవరికీ పోదు. ముందు ఆ భయం వదిలేయండి. మీకు రేపు ఇబ్బంది వస్తుందా రాదా అన్నది మిమ్మల్ని సంతకం పెట్టమన్న కాగితంలో ఉంటుంది. కాబట్టి దాన్ని ప్రతి పేజీ చదవాలి.

రాష్ట్రంలో ఇలాంటి గ్రాంట్లు ఎక్కువగా ఒరెగాన్ వాటర్‌షెడ్ ఎన్‌హాన్స్‌మెంట్ బోర్డు ఇస్తుంది. లాటరీ ఆదాయంలో 15 శాతం పార్కులకు, వాగులు, చేపలు, వన్యప్రాణుల ఆవాసాలకు ఇవ్వాలని అక్కడి ఓటర్లు 1998లో తీర్పిచ్చారు, 2010లో దాన్ని శాశ్వతం చేశారు. మీరు చెప్పినదాన్ని బట్టి గ్రాంటు తీసుకునేది కౌన్సిల్. అలాగైతే బోర్డుకు లెక్క చెప్పాల్సింది కూడా కౌన్సిలే. మీరు స్థలయజమాని మాత్రమే.

ఇక ఆ కాగితం పైన ఏమని రాసి ఉందో చూడండి. 'ల్యాండ్‌ఓనర్ అగ్రిమెంట్' అయితే అది గడువున్న మామూలు ఒప్పందం. మనుషులు స్థలంలోకి వచ్చి పని చేసుకోవడానికి, తర్వాత పరిశీలించడానికి అనుమతిస్తారు, చేసిన పనిని కొన్నేళ్లు చెడగొట్టనని మాటిస్తారు. 'కన్సర్వేషన్ ఈజ్‌మెంట్' అని ఉంటే ఆగండి. అది మీ స్థలం వాడకానికి హద్దులు పెడుతూ మరొకరికి ఇచ్చే, కౌంటీలో రికార్డయ్యే హక్కు. మామూలుగా శాశ్వతంగా ఉంటుంది, స్థలం ఎవరి చేతికి పోయినా వెంట పోతుంది. మంచి పనికే వాడతారు, కానీ వాగులో దుంగలు వేయడానికి అది ఇవ్వనక్కర్లేదు. పేరు అగ్రిమెంట్ అని పెట్టి లోపల 'వారసులకూ, కొనుగోలుదారులకూ వర్తిస్తుంది, కౌంటీలో నమోదు చేస్తాం' అని రాసినా జాగ్రత్తపడండి. పేరు కంటే లోపలి షరతులే లెక్కలోకి వస్తాయి.

గడువు ఎన్నేళ్లో అంకెల్లో ఉండాలి. ఫెడరల్ ప్రభుత్వం నడిపే 'పార్ట్‌నర్స్ ఫర్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్' కార్యక్రమంలో కనీసం 10 ఏళ్లు అడుగుతారు. మీ దగ్గరా దాదాపు అంతే ఉంటే అది మామూలే. మధ్యలో అమ్మితే ఏం జరుగుతుందో ఒక వాక్యంలో రాయించుకోండి. కొనేవాళ్లు ఒప్పందం కొనసాగిస్తే మీ బాధ్యత తీరిపోతుందని, మీరు కావాలని పనిని చెడగొడితేనే, అదీ మిగిలిన ఏళ్ల మేరకే డబ్బు తిరిగి కట్టాలని ఉంటే న్యాయంగా ఉంటుంది. స్థలంలోకి ఎవరు రావచ్చు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నది కూడా రాయించండి. ఊళ్లోవాళ్లు గాలాలు పట్టుకుని రావడానికి ఈ గ్రాంటు హక్కు ఇవ్వదు, కానీ ఆ మాట ఒప్పందంలో ఉంటే గొడవే ఉండదు. బ్యాంకు లోన్ ఉంటే లెండర్‌కి ముందే చెప్పండి.

ఆంక్షల గురించి మీ భయం పూర్తిగా ఉత్తది కాదు. ఒరెగాన్ తీరపు కోహో అంతరించే ముప్పున్న జాతుల చట్టం కింద రక్షణ పొందిన చేప. దాన్ని చంపడం, గాయపరచడం, బతికే చోటును అది చచ్చేంతగా పాడుచేయడం నేరం. ఈ నిషేధం గ్రాంటు తీసుకున్నవారికే కాదు, అందరికీ వర్తిస్తుంది. ఇప్పుడు కల్వర్టు పైభాగంలో చేపలు లేవు కాబట్టి మీకు తెలియడం లేదు, అవి వచ్చాక తెలుస్తుంది. అయితే ఇంట్లో ఉండటానికి, దారి వాడుకోవడానికి, తోట పెంచుకోవడానికి సాధారణంగా ఏ అడ్డూ ఉండదు. బుల్‌డోజర్ దింపి వాగు దారి మళ్లించడం, ఎండాకాలంలో చుక్క మిగల్చకుండా నీళ్లు తోడేయడం, గట్టు మీది చెట్లన్నీ కొట్టేయడం వంటివి చేస్తే ఇబ్బందే. 'క్రిటికల్ హ్యాబిటాట్' అన్న మాట వినగానే చాలామంది కంగారుపడతారు. అంటే ఆ జాతి బతకడానికి కీలకమని ఫెడరల్ ప్రభుత్వం గుర్తించిన ప్రాంతం. అది ఫెడరల్ అనుమతి గానీ డబ్బు గానీ ఉన్న పనుల మీదే నేరుగా పనిచేస్తుంది.

భవిష్యత్తులో అక్కడ పెద్ద మార్పులు చేయాలని మీకు ఆలోచన ఉంటే, పని మొదలయ్యేలోపే 'సేఫ్ హార్బర్' తరహా రక్షణ దొరుకుతుందా అని కౌన్సిల్ ద్వారా నోవా ఫిషరీస్ అనే ఫెడరల్ సంస్థని అడిగించండి. సాల్మన్ వాళ్ల పరిధిలోకే వస్తుంది. పని మొదలైనప్పటి పరిస్థితిని ప్రాతిపదికగా పెట్టి, మీ మంచితనమే మీకు శిక్ష కాకుండా చూసే ఏర్పాటు అది. పని అయిపోయాక అడిగితే లాభం ఉండదు.

అనుమతులు కౌన్సిల్ పేరు మీదే తీసుకోమనండి. వాగులో తవ్వాలన్నా దుంగలు వేయాలన్నా రాష్ట్ర భూముల విభాగంతోనూ ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్‌తోనూ పని ఉంటుంది. అనుమతి మీ పేరు మీద ఉంటే దాని షరతులన్నీ మీ మెడకే చుట్టుకుంటాయి. వరదలో దుంగ కొట్టుకుపోయి కింద ఎవరి వంతెననైనా గుద్దితే ఎవరిది బాధ్యత? ఇలాంటి ఆవాస పనుల్లో స్థలయజమానికి రక్షణనిచ్చే సెక్షన్ ఒరెగాన్ చట్టంలో ఉంది, దానికి మినహాయింపులూ ఉన్నాయి. అందుకని నష్టపరిహారం కౌన్సిలే భరించేలా రాయించుకుని, వాళ్ల ఇన్సూరెన్స్ కాపీ తీసుకోండి.

వాగు నుంచి నీళ్లు తోడుకునే హక్కు మీకు ఉంటే దాన్ని వాడుకలో ఉంచండి. వరుసగా అయిదేళ్లు వాడకపోతే పోయే ప్రమాదం ఉంది. పన్ను సంగతి మీ సీపీఏకి వదిలేయండి, ఫెడరల్ ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 126 చూడమని చెప్పండి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. గ్రాంటుకు తోడుగా మీ శ్రమను కూడా గంటల్లో లెక్కవేసి చూపిస్తామని అడగవచ్చు. చేసిన గంటలకే సంతకం పెట్టండి. అందులో ఫెడరల్ డబ్బు కలిసి ఉంటే తప్పుడు లెక్కకు నష్టానికి మూడింతలు వసూలు చేసే చట్టం ఉంది.

ఇవన్నీ సరిగ్గా ఉంటే, నా సలహా: ఒప్పుకోండి. ఆ వాగుకు కోహో తిరిగి రావడం ఎంతో మంచి పని. మీ సొంత లెక్కలోనూ ఇదే మేలు. వలస వెళ్లే స్థానిక చేపలు ఇప్పుడు ఉన్నా, ఒకప్పుడు ఉన్నా, కల్వర్టు మార్చేటప్పుడు వాటికి దారి ఇవ్వాలని రాష్ట్ర చట్టం చెబుతోంది. మీ పాత కల్వర్టు ఎప్పుడో ఒకప్పుడు కూలుతుంది, అప్పుడు ఆ ఖర్చంతా మీదే. ఇప్పుడైతే గ్రాంటు భరిస్తుంది. కొత్త వంతెన ఫైర్ ఇంజన్ బరువును మోస్తుందని డిజైన్‌లో చూపించమనండి, గడువు తీరాక దాని నిర్వహణ ఎవరిదో కూడా సంతకానికి ముందే తేల్చుకోండి.